ఫ్రేజులు పదకొండు రకాలట!

ఇంగ్లీషులో ఫ్రేజులు ఎన్ని రకాలు? తడుముకోకుండా చెప్పండి చూద్దాం. ఐదా? ఏడా? తొమ్మిదా?

మరేం కంగారు పడకండి. ఈ ప్రశ్నకి మన హైదరాబాదులో ఒక్కో కోచింగ్ సెంటర్లో ఒక్కో జవాబు ఉంది. ఈ మధ్య నా చేతికొచ్చిన ఒక జిరాక్సు కాగితంలోనైతే పదకొండు. దాన్ని చదివినప్పట్నుంచీ కడుపులో తిప్పుతోంది, అందుకే ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

ముందే చెప్పేస్తున్నా. నా గొడవ ఇంగ్లీషు మీద కాదు, వ్యాకరణం మీద అసలే కాదు. వ్యాకరణాన్ని పేర్ల పట్టీగా మార్చి, ఆ పట్టీ అప్పజెప్పలేని పిల్లల్ని ఉద్యోగం గుమ్మం దగ్గరే ఆపేస్తున్న వాళ్ళ మీద. ఆ ఆపేస్తున్న వాళ్ళలో మనం, అంటే సాఫ్ట్‌వేరు వాళ్ళం కూడా ఉన్నాం. ఇంకా చెప్పాలంటే మనమే ముందున్నాం.

సంగతి ఏంటంటే, మా స్నేహితుడి తమ్ముడు ఒకడు ఉస్మానియాలో ఎమ్సీయే చేస్తున్నాడు. ఊరు నల్గొండ జిల్లా, పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొన్న ఒక ఆదివారం ఆర్ట్స్ కాలేజీ దగ్గర కలిసి అలా మాట్లాడుకుంటూ తార్నాక దాకా నడిచాం. చాయ్ తాగుతుంటే సంచీలోంచి ఆ కాగితం తీశాడు. ఏదో కంపెనీ రాతపరీక్షకి తయారవడానికి కోచింగ్ సెంటర్ వాళ్ళిచ్చిందట. నౌన్ ఫ్రేజ్, వెర్బ్ ఫ్రేజ్, అడ్జెక్టివ్ ఫ్రేజ్, ఎడ్వర్బ్ ఫ్రేజ్, ప్రిపొజిషనల్ ఫ్రేజ్, జెరండ్ ఫ్రేజ్, ఇన్ఫినిటివ్ ఫ్రేజ్, పార్టిసిపియల్ ఫ్రేజ్, అపోజిటివ్ ఫ్రేజ్, అబ్సొల్యూట్ ఫ్రేజ్, ఇంటర్జెక్షనల్ ఫ్రేజ్. వెరసి పదకొండు. కింద యాభై బిట్లు.

"అన్నా, గిది సూడు. 'హి లివ్స్ నియర్ తార్నాక' అని ఇచ్చిండు. 'నియర్ తార్నాక' ప్రిపొజిషనల్ ఫ్రేజే గద. నేను గదే పెట్టిన. కీ ల ఎడ్వర్బ్ ఫ్రేజ్ అని ఉన్నది. సార్‌ని అడిగితే బట్టీ కొట్టు, ఎదురు ప్రశ్నలొద్దు అన్నడు."

"రెండూ కరెక్టే తమ్మీ" అన్నాను.

"రెండూ కరెక్టయితే మార్కెందుకు కోసిండు?"

ఇదీ ప్రశ్న. మీ దగ్గర జవాబుందా?

జవాబు చాలా తేలిక. మన భాషలోనే చెప్తాను. 'నియర్ తార్నాక' అనేది ఏమిటి అన్నది ఒక ప్రశ్న. అది ఈ వాక్యంలో ఏం పని చేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది టైపు, రెండోది రోలు. ఒక ఫంక్షన్‌కి స్ట్రింగ్ పంపించామనుకోండి. "ఇది స్ట్రింగా, పారామీటరా, ఒక్కటే టిక్కు పెట్టు" అని మిమ్మల్ని ఎవరైనా ఇంటర్వ్యూలో అడిగితే ఏం చేస్తారు? లేచి వచ్చేస్తారు. మరి ఈ కుర్రాడు మాత్రం లేచి రాకూడదు, మార్కు పోగొట్టుకుని నోరు మూసుకోవాలి!

ఆ ముక్కనే మూడు వాక్యాల్లో పెట్టి చూడండి.

1. 'హి లివ్స్ నియర్ తార్నాక' - ఇక్కడ అది క్రియ గురించి చెప్తోంది. ఎక్కడ ఉంటాడు? కాబట్టి పని ఎడ్వర్బ్ పని.

2. 'ద హాస్టల్ నియర్ తార్నాక ఈజ్ ఫుల్' - ఏ హాస్టలు? పని అడ్జెక్టివ్ పని.

3. 'నియర్ తార్నాక ఈజ్ బెటర్ దాన్ నియర్ అమీర్‌పేట' - గది వెతుక్కునే వాళ్ళ మాట. ఇక్కడ అదే కర్త అయి కూర్చుంది. పని నౌన్ పని.

మూడు చోట్లా అది ప్రిపొజిషనల్ ఫ్రేజే. పని మాత్రం మూడు రకాలు. ఇంతే విషయం. ఐదు నిమిషాలు పట్టింది, చాయ్ చల్లారలేదు కూడా.

మరి ఈ గందరగోళం ఎక్కణ్ణుంచి వచ్చింది? మనందరి ఇళ్ళల్లోనూ ఉండే రెన్ అండ్ మార్టిన్ 1930లలో వచ్చిన పుస్తకం. అందులో ఫ్రేజుకి పేరు పెట్టేది అది చేసే పనిని బట్టి. నామవాచకం పని చేస్తే నౌన్ ఫ్రేజ్, విశేషణం పని చేస్తే అడ్జెక్టివ్ ఫ్రేజ్. ఆ పుస్తకం వరకూ అది సరైన లెక్కే. 1985లో క్వర్క్, ఆయన సహచరులు కలిసి తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో పేరు పెట్టేది లోపలున్న ముఖ్యమైన మాటని బట్టి. ఆ లెక్కలో ఐదే రకాలు: నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్, ఎడ్వర్బ్, ప్రిపొజిషనల్. అదీ సరైన లెక్కే. జెరండ్, ఇన్ఫినిటివ్, పార్టిసిపియల్ అని ఫ్రేజుల్ని విడగొట్టేది బడి పుస్తకాల్లో కనిపించే మరో సంప్రదాయం. క్వర్క్ పుస్తకం వీటిని అసలు ఫ్రేజులే అనదు, క్లాజులంటుంది. కోచింగ్ సెంటర్ వాడు ఈ మూడు లెక్కల్నీ ఒకే గంపలో పోసి కలిపి పదకొండు అన్నాడు. మీటర్లూ కిలోలూ కలిపి కూడినట్టు!

ఇప్పుడు అసలు మంట ఎక్కడంటే, ఇదంతా జరుగుతున్నది తార్నాకలో. వేరే ఊళ్ళో అయితే పోనీలే అనుకునేవాణ్ణి. ఇంగ్లీషు ఎలా నేర్పాలో దేశానికి చెప్పడానికి 1958లో భారత ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్. ఎక్కడ? ఉస్మానియాని ఆనుకుని. 1972లో విదేశీ భాషలు కూడా చేరి అది సీఫెల్ అయ్యింది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయ్యింది. పాతవాళ్ళు ఇప్పటికీ సీఫెలే అంటారు. జయశీలన్, అమృతవల్లి లాంటి భాషాశాస్త్రవేత్తలు ద్రావిడ భాషల్లో పదబంధాల అమరిక గురించి ప్రపంచం చదివే పరిశోధన చేసింది అక్కడే.

ఇక ఇటువైపు ఉస్మానియా. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన విశ్వవిద్యాలయం. ఇక్కడి భాషాశాస్త్ర శాఖలోనే భద్రిరాజు కృష్ణమూర్తి గారు దశాబ్దాల పాటు పనిచేశారు. గ్విన్‌తో కలిసి ఆయన ఆధునిక తెలుగుకి ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం కూడా 1985లోనే వచ్చింది. చేకూరి రామారావు గారు, అదే మన చేరా, 1975లో 'తెలుగు వాక్యం' అనే పుస్తకం తెచ్చారు. చామ్‌స్కీ 1957లో మొదలుపెట్టిన పద్ధతిని తెలుగు వాక్యాలకి పెట్టి చూపించిన పుస్తకం అది. ఆయనా ఉస్మానియాలో ఆచార్యులే.

అంటే చూడండి, ఇంగ్లీషు పదబంధం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్ళు గోడకి ఒక పక్క. తెలుగు పదబంధం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్ళు గోడకి ఇంకో పక్క. రెండింటి మధ్యా నడిచే దూరం. ఆ రెండిటి మధ్య నడిచే మన కుర్రాడి చేతిలో మాత్రం పదకొండు పేర్ల జిరాక్సు! ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

పోనీ కోచింగ్ సెంటర్ వాళ్ళకి తెలీదు. మనకేమైంది? బీటెక్‌లో కంపైలర్ డిజైన్ చదివాం కదా. కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్లు, పార్స్ ట్రీలు రాత్రంతా గీశాం కదా. ఆ గ్రామర్లు చామ్‌స్కీ దగ్గర మనుషుల భాష కోసం పుట్టినవే. వాక్యం అంటే ఒక నామబంధం, ఒక క్రియాబంధం. నామబంధంలో మళ్ళీ ఇంకో బంధం, అందులో ఇంకోటి. రికర్షన్! ఆ పరీక్షలో ఎ గ్రేడు తెచ్చుకున్న మనమే ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి పదకొండు రకాలు బట్టీ పట్టమంటున్నాం.

సరే, తిట్టడం ఎవరైనా తిడతారు, ఎలా నేర్పాలో చెప్పవయ్యా అంటారేమో. చెప్తాను. తెలుగు వచ్చినవాడికి ఫ్రేజులు నేర్పక్కర్లేదు. వాడి దగ్గర ఆల్రెడీ ఉన్నాయి. తిప్పి చూపించాలి, అంతే.

'ఎ బాయ్ ఫ్రమ్ ఎ కాలేజ్ నియర్ ద స్టేషన్ ఇన్ తార్నాక' తీసుకోండి. తెలుగులో: 'తార్నాకలో ఉన్న స్టేషన్ దగ్గర ఉన్న కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి'. ఇప్పుడు తెలుగుని కుడి నుంచి ఎడమకి చదవండి. అబ్బాయి, నుంచి, కాలేజీ, దగ్గర, స్టేషన్, లో, తార్నాక. సరిగ్గా ఇంగ్లీషు వరస! అద్దంలో చూసినట్టు. ఇంగ్లీషులో ముఖ్యమైన మాట ముందొస్తుంది, తెలుగులో చివరికొస్తుంది. ప్రీఫిక్స్, పోస్ట్‌ఫిక్స్ తేడా. స్టాక్ వేసి ఒక ఎక్స్‌ప్రెషన్‌ని తిప్పడం మనకి నేర్పాల్సిన పనా?

క్రియాబంధం కూడా అంతే. 'మస్ట్ హ్యావ్ బీన్ ఈటింగ్' అని చూడగానే పిల్లలు దడుచుకుంటారు. తెలుగులో 'తింటూ ఉండి ఉండాలి'. తింటూ అంటే ఈటింగ్. ఉండి అంటే బీన్. చివరి ఉండాలి అంటే మస్ట్ హ్యావ్. మళ్ళీ వెనక నుంచి ముందుకే. నల్గొండలో మా అవ్వ రోజూ వాడే క్రియ అది. ఆవిడకి ఎవరూ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ అని చెప్పలేదు.

ఇక మన కుర్రాడి ప్రశ్నకి వద్దాం. అడ్జెక్టివ్ పనా, ఎడ్వర్బ్ పనా? తెలుగులోకి మార్చి చూసుకుంటే చాలు, తేలిపోతుంది. తెలుగులో 'తార్నాకలో ఉంటాడు' అంటాం. కానీ 'తార్నాకలోని హాస్టలు', లేదా 'తార్నాకలో ఉన్న హాస్టలు' అంటాం. 'దగ్గర ఉంటాడు', కానీ 'దగ్గరి హాస్టలు', 'దగ్గరున్న హాస్టలు'. ఇంగ్లీషు ఈ తేడాని పైకి చూపించదు, తెలుగు చాలాసార్లు చూపిస్తుంది. 'లోని', 'ఉన్న' లాంటిది పెట్టాల్సొస్తే అది నామవాచకానికి అతుక్కున్నది. ఉత్త 'లో' తో సరిపోతే క్రియకి అతుక్కున్నది. నూటికి నూరుపాళ్ళూ కాకపోయినా, పరీక్ష హాల్లో నిలబెట్టే సూత్రం. ఇది పదకొండు పేర్లలో ఎక్కడైనా ఉందా?

జెరండ్, ఇన్ఫినిటివ్, పార్టిసిపిల్ అని భయపెడతారు కదా, అవీ మన ఇంట్లోవే. చదవడం, చదవడానికి, చదువుతూ, చదివి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు శత్రర్థకం, క్త్వార్థకం, తుమున్నర్థకం అని ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదువుకున్నవే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటి కోసం క్రియాపరిచ్ఛేదం, కృదంతపరిచ్ఛేదం ఉన్నాయి. ఇంగ్లీషు సారు ఒక్క మాట "ఒరే, ఇది మన శత్రర్థకమేరా" అని ఉంటే ఎంత బావుండేది! అనడు. ఎందుకంటే ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా.

ఇంకో చక్కటి సంగతి. పెద్ద పెద్ద మేనేజర్లు కూడా 'వాకింగ్ టు తార్నాక, ద రెయిన్ స్టార్టెడ్' లాంటివి రాసేస్తుంటారు. దీన్ని డ్యాంగ్లింగ్ మాడిఫయర్ అంటారు, పెద్ద తప్పు అంటారు. తెలుగులో అనండి: 'తార్నాకకి నడుస్తూ వర్షం మొదలైంది'. నవ్వొచ్చిందా? వర్షం నడవడమేంటి! 'నడుస్తుంటే వర్షం మొదలైంది' అనాలని చంటిపిల్లాడికి కూడా తెలుసు. కర్త ఒకరే అయితే 'తూ', కర్తలు వేరైతే 'తుంటే'. అంటే ఆ నియమం మన చెవిలో పుట్టుకతో ఉంది. ('వర్షం కురిసి చెరువు నిండింది' లో కర్తలు రెండు కదా అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. ఒకటి ఇంకోదానికి కారణమైనప్పుడు 'కురిసి' లాంటి రూపానికి ఆ వెసులుబాటు ఉంది. 'కురుస్తూ చెరువు నిండింది' అనం కదా!)

"ఇవన్నీ పండితుల చర్చలు, మాకు పనికొచ్చేది చెప్పు" అంటారా? చెప్తా. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో రాత్రి షిఫ్టుకి ఒక మెయిలు వచ్చింది. 'రీస్టార్ట్ ద జాబ్స్ ఆన్ ద బ్యాకప్ సర్వర్'. బ్యాకప్ సర్వర్‌లో ఉన్న జాబుల్ని రీస్టార్ట్ చెయ్యమనా? లేక ఇక్కడ ఆగిపోయిన జాబుల్ని బ్యాకప్ సర్వర్ మీద రీస్టార్ట్ చెయ్యమనా? రాసినాయన ఉద్దేశం రెండోది. డ్యూటీలో ఉన్న అమ్మాయి మొదటిది చేసింది. తెల్లారేసరికి రిపోర్టులు లేవు. అప్పుడు ఆ అమ్మాయికి పడిన అక్షింతలేంటో తెలుసా? "ఇంప్రూవ్ యువర్ ఇంగ్లీష్". అరే! వాక్యానికి రెండు పార్స్ ట్రీలున్నాయి. తప్పు రాసినాయనది. తెలుగులో రాసుంటే 'సర్వర్‌లో ఉన్న' అనో 'సర్వర్ మీద' అనో తేలిపోయేది. అందరి ముందూ తల దించుకుంది మాత్రం వరంగల్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి.

ఇదండీ ఫ్రేజుల వల్ల ఉపయోగం. ఏ ముక్క ఏ ముక్కకి అతుక్కుందో చూడగలగడం. దాని పేరు జెరండో గాడిదగుడ్డో తర్వాత సంగతి.

ఇప్పుడు మామూలుగా వచ్చే అభ్యంతరాలు.

"ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే నేర్చుకోవాలి, మధ్యలో తెలుగెందుకు?" ఇంటిచుట్టూ ఇంగ్లీషు వినిపించే పసిపిల్లలకి నిజమే. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడికి, చేతిలో మూడు నెలల టైముంటే కాదు. వాడికున్న ఆస్తి ఇరవయ్యేళ్ళ తెలుగు. దాన్ని గుమ్మం బయట వదిలేసి రమ్మనడం బుద్ధితక్కువ. 2022లో తెలంగాణ ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలని ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా అచ్చువేశారు. లెక్కలకీ సైన్సుకీ పనికొచ్చిన అద్దం ఇంగ్లీషు వ్యాకరణానికి పనికిరాదా?

"తెలుగు, ఇంగ్లీషు అన్నిచోట్లా అద్దంలా ఉండవు కదా?" ఉండవు. 'ఎ', 'ద' లకి తెలుగులో నేరుగా సరిపోయేది లేదు. మన ఒక్క 'తో' కి వాళ్ళకి 'విత్', 'బై' రెండు. 'నిన్న వచ్చిన అబ్బాయి' కి వాళ్ళు 'హూ' పెట్టి పెద్ద క్లాజు కట్టాలి. అలాంటివి విడిగా కూర్చోబెట్టి నేర్పాలి. పదకొండు పేర్ల మీద తగలేసే టైము వీటి మీద పెట్టండి అనే నేనంటున్నది.

"ఇప్పుడు ఏఐ వచ్చింది, అదే రాసిపెడుతుంది, ఇంకా వ్యాకరణమేంటి?" ఆ సర్వర్ మెయిల్ని దానికిచ్చి సరిదిద్దమనండి. తప్పేం లేదంటుంది. నిజంగానే వ్యాకరణం ప్రకారం తప్పు లేదు! మీ మనసులో ఏ ట్రీ ఉందో దానికెలా తెలుస్తుంది? అది మీరే చూసుకోవాలి. చూసుకోవాలంటే రెండు ట్రీలున్నాయని ముందు మీకు కనబడాలి.

చివరిగా మనలో ప్యానెళ్ళలో కూర్చునేవాళ్ళకి, రాతపరీక్షలకి ప్రశ్నలు ఎంచేవాళ్ళకి ఒక మాట. 'కింద గీసిన ఫ్రేజు ఏ రకం?' అన్న ప్రశ్న కనబడితే కొట్టెయ్యండి. దాని బదులు రెండర్థాలొచ్చే ఒక వాక్యమిచ్చి, ఆ రెండర్థాలూ చెప్పమనండి, తెలుగులో చెప్పినా పర్లేదనండి. తర్వాత అందులో ఒక అర్థమే వచ్చేలా ఇంగ్లీషులో తిరగ రాయమనండి. అప్పుడు తెలుస్తుంది ఎవరికి భాష వచ్చో, ఎవరికి బట్టీ వచ్చో. నా అంచనా ఏంటంటే, కాన్వెంటు పిల్లలు కొందరు తడబడతారు, తెలుగు మీడియం పిల్లలు కొందరు దుమ్ము దులుపుతారు. నమ్మకం లేకపోతే మీ టీములోనే చేసి చూడండి.

అన్నట్టు మనవాడికి ఆ రాతపరీక్షలో ఉద్యోగం రాలేదు. కటాఫ్‌కి రెండు మార్కులు తక్కువట. ఆ రెండూ ఫ్రేజుల్లోనే పోయాయని నేననను, ఎవరికి తెలుసు. కానీ తెలుగులో తలకట్టు తప్పు రాయని, రికర్షన్ నిద్రలో కూడా రాయగల ఆ కుర్రాడు "నాకు ఇంగ్లీషు రాదన్నా" అని తేల్చేసుకున్నాడు. ఆ నమ్మకం వాడికి కలిగించింది ఎవరు? ఒక జిరాక్సు కాగితం, దాన్ని అడిగిన ఒక కంపెనీ, ఆ కంపెనీల్లో పనిచేస్తూ నోరు మెదపని మనం.

ఒప్పుకోనివాళ్ళు వాదనకి రండి. ఒక్క షరతు: ముందు మీ లెక్కలో ఫ్రేజులు ఎన్ని రకాలో చెప్పి, ఏ లెక్కన అన్నారో కూడా చెప్పాలి.